మొదటి గిన్నె వచ్చిన రోజు

బయటివాళ్లు ఏమిచ్చినా తీసుకోవద్దు. పెళ్లయిన వారానికే మా ఆయన నాకు చెప్పిన మాట ఇది. ఆయన జూనియర్ సివిల్ జడ్జి. ఇచ్చేది స్వీటు డబ్బా కావచ్చు, కొత్త సంవత్సరం డైరీ కావచ్చు, పక్కింటి పెరట్లో కోసిన కరివేపాకు కావచ్చు.

"కరివేపాకు కూడానా?" అని నవ్వాను.

ఆయన నవ్వలేదు. "ఆ ఇచ్చినావిడ తమ్ముడి కేసు రేపు నా బల్ల మీదికి రాదని నువ్వు చెప్పగలవా?" అన్నారు.

అప్పట్లో నేను జూనియర్ కాలేజీలో బోటనీ చెప్పేదాన్ని. పొద్దున వెళ్తే సాయంత్రం దాకా మనుషుల మధ్యే ఉండేదాన్ని కాబట్టి ఈ నియమం నాకు ఏమంత పట్టలేదు. పాప పుట్టి, ఉద్యోగం మానేసి, ఆయన బదిలీ మీద మేడ్చల్ వచ్చాక పట్టింది.

మేడ్చల్ నుంచి శామీర్‌పేట వెళ్లే దారిలో, పొలాలు ప్లాట్లయిన చోట వేసిన కొత్త కాలనీ మాది. మాది పై వాటా. కాలనీలో సగం మంది మా గోదావరి వైపు నుంచో, గుంటూరు వైపు నుంచో ఉద్యోగాలకొచ్చి స్థిరపడినవాళ్లే. వచ్చిన కొత్తలో శ్రావణ శుక్రవారం వాయనానికి పిలిచారు. వాయనం తీసుకుంటే అది 'తీసుకున్నట్టు' అవుతుందా కాదా అని మా ఆయన్ని అడిగితే, ఆయన నిజంగానే ఐదు నిమిషాలు ఆలోచించారు. చివరికి నేను వెళ్లలేదు. ఆ తర్వాత ఎవరూ పిలవలేదు. ఒకరోజు బాల్కనీలో బట్టలు ఆరేస్తుంటే కింద నుంచి మాటలు వినపడ్డాయి. "జడ్జిగారి భార్యట. మన కుర్చీలో కూర్చుంటే ఆవిడ చీర మాసిపోతుంది కాబోలు." ఇంకొకావిడ నవ్వింది. నేను తడి బట్టలు బకెట్లోనే వదిలేసి లోపలికొచ్చాను. పాప నా కాళ్లకు చుట్టుకుని ఏదో అడుగుతోంది. ఆ వారమంతా నేను మాట్లాడిన మాటల్లో సగం రెండేళ్ల పిల్లతో మాట్లాడినవే.

అవ్వ ఒక్కతే నన్ను గేటు దగ్గరికి పిలిచేది.

ఆమె శామీర్‌పేట వైపు ఊళ్లో కుంట మీద చేపలు పట్టే కుటుంబం మనిషి. వారానికి రెండు రోజులు గంప నెత్తిన పెట్టుకుని కాలనీలోకి వచ్చేది. మెట్ల కింద నీడలో కత్తిపీట వేసుకుని కూర్చుని, బూడిద అద్ది, చేపను అటూ ఇటూ తిప్పి రుద్దేది. పాప ఎదురుగా గొంతుక్కూర్చుని పొలుసులు లేస్తుంటే చప్పట్లు కొట్టేది.

"ఏం బిడ్డా, గింత చింతపండా? మీ ఆంధ్రోళ్లకు శాప కన్న పులుపే ఎక్కువ గావాలె గదా," అని నన్ను ఏడిపించేది. పాపను 'పొట్టీ' అని పిలిచేది. పాప కూడా అవ్వను పొట్టీ అనే పిలిచేది.

కొని డబ్బులిచ్చేదాన్ని. కొనడం తీసుకోవడం కాదు కదా. అంతవరకు బాగానే ఉంది.

వానలు మొదలైన రోజుల్లో పాపకు జ్వరం వచ్చింది. మూడు రోజులు నీళ్లు తప్ప ఏమీ తాగలేదు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లొచ్చిన మధ్యాహ్నం అవ్వ గంప లేకుండా వచ్చింది. చేతిలో మూత పెట్టిన స్టీలు గిన్నె. ముళ్లు తీసేసి మెత్తగా చేసిన కొర్రమట్ట చేప చారు.

"వద్దవ్వా. మా ఇంట్లో ఎవరి దగ్గరా ఏమీ తీసుకోం."

"నీకెవలిచ్చిండ్రు? నేను పొట్టికిచ్చిన. నువ్వు ముట్టకు," అని గిన్నె మెట్టు మీద పెట్టి తిరిగి కూడా చూడకుండా వెళ్లిపోయింది.

పాప మొదట చెంచాతో తాగింది, తర్వాత గిన్నె ఎత్తి తాగింది. నేను పక్కన కూర్చుని ఏడ్చాను. గిన్నె కడిగాను. తిరిగి ఇవ్వాలి కదా. ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వడం మాకు తెలియదు. పక్కింటివాళ్ల గిన్నెలో పెట్టడానికి ఇంట్లో ఏమీ లేకపోతే మా అమ్మ చిటికెడు పంచదారైనా వేసి పంపేది. నేను నాలుగు సున్నుండలు పెట్టి ఇచ్చాను.

అలా ఇవ్వడంతో అది నడక మొదలుపెట్టింది. ఖాళీ గిన్నె పంపే రివాజు అవ్వకూ లేదు. తర్వాతి వారం మక్క గుడాలతో వచ్చింది, పులిహోరతో వెళ్లింది. సర్వపిండితో వచ్చింది, అరిసెలతో వెళ్లింది. ఆగాలంటే ఇద్దరిలో ఎవరో ఒకరు గిన్నె ఊరికే, ఖాళీగా ఇవ్వాలి. నేనివ్వలేను. ఆమె ఇవ్వదు. మా ఆయన తొమ్మిదికి వెళ్తే ఏడింటికి గాని రారు. ఆయనకు దాచలేదు, చెప్పలేదంతే అని రాయబోయాను. కాదు, దాచాను. నాతో మాట్లాడే మనిషి ఆమె ఒక్కతే. చెబితే ఆ ఒక్కటీ పోతుందని నాకు తెలుసు.

గిన్నెలు తిరగడం మొదలైన వారంలోనే ఒకసారి చేప తోముతూ అవ్వ అంది: "గా వెంచరోళ్లు మా తొవ్వకు అడ్డం గోడ గట్టిండ్రు బిడ్డా. వలలు మోసుకొని రెండు మైళ్లు తిరగవడ్తాంది. మా పోరగాండ్లు కోర్టుకు వోయిండ్రు."

కోర్టు అన్న మాట వినగానే నేను లేచి లోపలికి వెళ్లాలి. ఆ సంగతి నాకు ఎవరూ చెప్పనక్కరలేదు. కానీ పాప అవ్వ ఒడిలో తల పెట్టి పడుకుని ఉంది. ఇక్కడ ఎన్ని గోడలు లేస్తున్నాయి, ఎన్ని కోర్టులున్నాయి అనుకున్నాను. "పాపం" అన్నాను. అంతే అన్నాను.

*

ఆ వారంలోనే ఒక సాయంత్రం మా ఆయన కొంచెం నవ్వుతూ ఇంటికొచ్చారు. కేసుల సంగతి ఇంట్లో చెప్పరు. ఆ రోజు మాత్రం చెప్పారు. ఒక దావాలో మధ్యంతర ఉత్తర్వు ఇచ్చారట. ఓడిన పక్షం మనిషి హాల్లోనే నిలబడి, "ఈ నష్టమంతా మీ దగ్గరే వసూలు చేస్తా, మీ మీదే కేసేస్తా" అని అరిచాడట.

"నిజంగా వేస్తాడా?"

"వెయ్యలేడు. ఆ ఉత్తర్వు ఇచ్చే అధికారం నాకుందని సదుద్దేశంతో నమ్మి ఇచ్చానంటే, అది తప్పు ఉత్తర్వే అయినా సరే, నా మీద దావా వెయ్యడానికి లేదు. నచ్చకపోతే అప్పీలుకు వెళ్లాలి. బ్రిటిషువాళ్ల కాలం నుంచీ ఉంది ఆ చట్టం. తర్వాత మనవాళ్లు ఇంకోటి చేశారు."

"మరీ అంత రక్షణ ఎందుకు?"

"లేకపోతే ఓడిన ప్రతివాడూ జడ్జిని కోర్టుకీడుస్తాడు. అప్పుడు జడ్జి న్యాయం చూడడు, తన ఇల్లు చూసుకుంటాడు."

ఆ మాట నాకు ఎంతో నచ్చింది. మనిషి పొరపాటు చేసినా, మనసులో దురుద్దేశం లేకపోతే, చట్టం అతని ముందు నిలబడుతుంది. అలాంటిదొకటి తల్లులకు కూడా ఉంటే బాగుండును అనుకున్నాను. పాపకు జ్వరమొస్తే ఏం పెట్టావు, ఎక్కడ తిప్పావు అని అడిగేవాళ్లందరినీ దాన్ని చూపించి పంపించేయొచ్చు. చాలా రోజుల తర్వాత భోజనం దగ్గర ఇద్దరం నవ్వుకున్నాం.

రెండు వారాలు గడిచాయి. ఆదివారం ఆయన మంచినీళ్ల కోసం వంటింట్లోకి వచ్చారు. గట్టు మీద అవ్వ గిన్నె బోర్లించి ఉంది. దాని అడుగున, అన్ని స్టీలు గిన్నెల మీదా ఉన్నట్టే, చుక్కలు చుక్కలుగా కొట్టించిన పేరు ఉంది. పెళ్లికి చేయించినది. నేను అన్నిసార్లు తోమాను గాని ఒక్కసారీ చదవలేదు. గిన్నె మీది పేరు ఎవరు చదువుతారు? ఆయన చదివారు. రోజంతా కాగితాల మీద పేర్లు చదివే మనిషి కదా. పేరూ, కింద ఊరి పేరూ పైకి చదివి, నా వైపు తిరిగారు.

"ఇది మనింట్లో ఎందుకుంది?"

చెప్పాను. చారు, సున్నుండలు, గుడాలు, అన్నీ. ఆయన గిన్నెను మెల్లగా దించి, పంపు కింద చేతులు కడుక్కున్నారు.

"ఆ దావాలో మొదటి వాది ఇతను," అన్నారు. "దారి తెరిచే ఉంచాలని నేను ఉత్తర్వు ఇచ్చింది వీళ్లకే. ఆ అరిచినవాడు వెంచర్ తరఫు మనిషి."

గిన్నె మీది పేరు అవ్వ కొడుకుది.

"మొదటిసారి ఈ గిన్నె ఎప్పుడొచ్చింది?"

"ఏమో... గుర్తులేదు."

"ఉత్తర్వుకు ముందా, తర్వాతా? బాగా ఆలోచించుకుని చెప్పు."

"గుర్తులేదన్నానుగా."

"ఏదైనా నేను పైకి రాయాల్సిందే. తర్వాత అయితే, ఉత్తర్వు శుభ్రంగా ఉన్నట్టు. ముందే అయితే దాని మీద మచ్చ పడినట్టు. ఫైలు నా దగ్గర ఒక్క రోజు కూడా ఉండకూడదు."

"మీకు తెలియను కూడా తెలియదు కదా! మీరు సదుద్దేశంతోనే ఇచ్చారు. ఆ చట్టం ఉందన్నారుగా?"

"నాకు తెలియదని నాకు తెలుసు. ఇంకెవరికి తెలుసు?" అన్నారు ఆయన. గొంతు పెంచలేదు. "నా మీద దావా వెయ్యలేరు, అంతవరకే. పైకోర్టు నన్ను అడగకూడదని ఆ చట్టంలో ఎక్కడా లేదు."

నాకు గుర్తుంది. గుర్తులేకపోవడం ఏమిటి? డాక్టరు చీటీ పాప ఫైల్లోనే ఉంది, తేదీతో సహా. ఉత్తర్వు ఏ రోజు వచ్చిందో పేపరు జిల్లా పేజీలో వేసిన చిన్న వార్త చూసి లెక్క వేసుకున్నాను. గిన్నె నాలుగు రోజులు ముందొచ్చింది.

రెండు రోజులు ఆ చీటీ ఎక్కడ పెట్టాలో తెలియక తిరిగాను. ఫైల్లో నుంచి తీసి బియ్యం డబ్బాలో పెట్టాను. అక్కణ్నుంచి తీసి నా చీరల మధ్య పెట్టాను. తర్వాతే వచ్చిందని చెబితే దారి తెరిచే ఉంటుంది. అవ్వ కొడుకులు వలలు భుజాన వేసుకుని తిన్నగా నీళ్ల దగ్గరికి వెళ్తారు. కానీ రేపెవరైనా డాక్టరు చీటీ తేదీ చూపిస్తే, సదుద్దేశం అన్న మాట మా ఆయన నోట అబద్ధమైపోతుంది, నా వల్ల. నిజం చెబితే ఆయన నిలబడతారు, వాళ్ల దారి పోతుంది. ఒకసారి చీటీని గ్యాస్ పొయ్యి దాకా తీసుకెళ్లాను. పాప వెనక నిలబడి "అమ్మా, వేడి" అంది, నేను దానికి రోజూ చెప్పే గొంతుతో.

*

మంగళవారం అవ్వ వచ్చింది. గేటు తియ్యొద్దని ఆయన చెప్పి వెళ్లారు. పాప అప్పటికే మెట్లు దిగి గేటు ఊచలు పట్టుకుంది.

"ఏయ్ పొట్టీ! తియ్యుమను మీ అమ్మను. మస్తు పెద్ద బొచ్చె దొరికింది ఇయ్యాల."

"ఈవేళ వద్దవ్వా," అన్నాను గేటు ఇవతలి నుంచే.

"ఎందుకొద్దు? నిన్న తిన్నరా? నా కాడ గాక ఎవలకాడ గొన్నవే? శెప్పు, వాని సంగతి జూస్త." నవ్వుతోంది. నేను నవ్వకపోయేసరికి ఆపింది. "ఏమైంది బిడ్డా? సారు ఏమన్న అన్నడా?"

కేసు అని అనకూడదు. కొడుకు అని అనకూడదు. గిన్నె మీద పేరుందని అనకూడదు. ఏమీ అనకుండా పైకి వెళ్లి గిన్నె తెచ్చి ఊచల సందులోంచి ఇచ్చాను.

ఆమె మూత తీసి చూసింది. లోపల ఏమీ లేదు. వంచి చూసింది, ఏమైనా అడుగున అంటుకుందేమోనన్నట్టు.

"ఊకెనే ఇస్తున్నవా?"

నేను పాప వేళ్లను గేటు ఊచల నుంచి విడదీశాను.

"గిదేం రివాజు బిడ్డా? శత్రువుకన్న ఇయ్యరు గిట్ల." గొంతు తగ్గించింది. "జెడ్జి సారు ఇల్లని నాకెర్క లేదనుకున్నవా? కాలనీ అంత ఎర్కే. గని నేను సారుకు దెచ్చిన్నా? సారు మొకమన్న జూసిన్నా నేను? సంటిపిల్ల జరంల పండుకొని మూడు రోజులు ఏం తినలేదంటే పానం ఆగక తెచ్చిన."

ఆమెకు తెలుసు. ఆమెకు తెలియదన్నదొక్కటే ఇన్ని రోజులూ నేను పట్టుకున్న ఊత. అది పోయింది. తెలిసి తెచ్చింది. తెలిసి తెచ్చినా పాప కోసమే తెచ్చింది. ఈ రెండూ నిజమేనని నేను నమ్ముతున్నాను. ఏ కోర్టయినా రెండూ నమ్ముతుందా?

"పెద్దింటోళ్లయిండ్రు, మంచిదే," అని గంప ఎత్తుకుంది. రెండడుగులు వేసి తిరిగింది. "పోరికి ముళ్లు సూసి పెట్టు. నీకు సూపు ఆనదు."

ఆ సాయంత్రం ఆయన బూట్లు విప్పుకోకముందే చీటీ చేతిలో పెట్టాను. ఆయన తేదీ చూశారు. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది.

"కేసు గురించి ఏమైనా మాట్లాడిందా ఎప్పుడైనా?"

"గోడ కట్టారని అంది. కోర్టుకు వెళ్లారని అంది. ఉత్తర్వుకు ముందే."

"నువ్వేమన్నావు?"

"పాపం అన్నాను."

ఆయన భోజనాల బల్ల దగ్గరే కూర్చుని జిల్లా జడ్జిగారికి ఉత్తరం రాశారు. ఫైలు వేరే కోర్టుకు మార్చమని, కారణాలివీ అని. నన్ను చదవమన్నారు. ఒక్క తప్పు మాట లేదు అందులో. 'నా భార్య' అని రెండుసార్లు ఉంది. 'పాపం' కూడా ఉంది, కొటేషన్ల మధ్య.

ఫైలు మారింది. మా ఆయన ఉత్తర్వు తదుపరి వాయిదా దాకానే. ఆ వాయిదా రోజుకు ఫైలు ఈ కోర్టు నుంచి వెళ్లింది గాని ఆ కోర్టుకు చేరలేదు. కేసు కాగితాల కట్ట లేనిదే కోర్టులో పేరు పిలవరు, పిలవనిదే పొడిగింపు లేదు. ఉత్తర్వు గడువు దాటిపోయింది. మర్నాడే వెంచర్ వాళ్లు గోడలో దారికి వదిలిన గేటుకు తాళం వేశారని పాలవాడు చెప్పాడు. అతనిదీ ఆ ఊరే. నేనేమీ అడగలేదు, అతనే చెప్పాడు.

"ఇది ఎవరి తప్పండీ?" అని మా ఆయన్ని అడిగాను.

"ఎవరి తప్పూ లేదు. అందరూ చెయ్యాల్సినట్టే చేశారు."

"మరి వాళ్లు ఎవర్ని అడగాలి?"

"కొత్త కోర్టులో మళ్లీ పిటిషన్ వేసుకోవాలి. వేసుకున్నారేమో కూడా నేను తెలుసుకోకూడదు."

పైకోర్టు నుంచి వివరణ అడుగుతూ కాగితం వచ్చింది. ఆయన జవాబు రాశారు. బహుశా ఏమీ కాదంటారు. బహుశా అనే అంటారు. పదోన్నతి జాబితా వచ్చేవరకు మేమిద్దరం ఆ బహుశా మీదే తిని పడుకోవాలి.

ఈ మధ్య అవ్వ పదకొండు దాటాక గాని కాలనీలోకి రావడం లేదు. వలలు, గంపలు సర్వీసు రోడ్డు మీదుగా చుట్టూ తిప్పి తేవాలి. ఎండెక్కేసరికి చేప మెత్తబడుతుంది. మా గేటు ముందు ఆగదు. ఎదురింటావిడతో బేరమాడుతుంటే బాల్కనీలోకి వినపడుతుంది. "నిన్నటి చేపలా ఉందే" అంటుంది ఆవిడ. "నిన్నటిది గాదమ్మా, తొవ్వ దూరమైంది," అంటుంది అవ్వ.

నిన్న మా ఆయన్ని అడిగాను. "కేసు ఇప్పుడు మీ దగ్గర లేదుగా. డబ్బులిచ్చి చేపలు కొనుక్కోవచ్చా?"

"నా వివరణ మీద పైనుంచి ఏదో ఒకటి తేలేదాకా వద్దు," అన్నారు. మళ్లీ, "దావా అయ్యేదాకా కూడా వద్దులే," అన్నారు.

దావాలు ఎన్నేళ్లు నడుస్తాయో నాకు తెలుసు. అప్పటికి పాప బడికి వెళ్తుంటుంది.

ఈరోజు పొద్దున ఎదురింటి ముందు అవ్వ గొంతు వినపడగానే పాప బాల్కనీ గ్రిల్ పట్టుకుని "పొట్టీ! పొట్టీ!" అని అరిచింది. కింద మాటలు ఒక్క క్షణం ఆగాయి. నేను పాపను ఎత్తుకుని లోపలికి తెచ్చి తలుపు వేశాను.

"ఆ అవ్వ మన అవ్వ కాదమ్మా. వేరే అవ్వ," అన్నాను.

తలుపు అవతల నుంచి ఆ గొంతు ఇంకా వినపడుతూనే ఉంది. పాప అది విని, నా మొహం చూసింది.